మన వల్ల ఒకరికి నష్టం జరిగితే తప్పులో మన వాటా తేల్చుకోవడం, సరిచేయడం ఎలా

శ్రీకాకుళం జిల్లాలో పలాస నుంచి కవిటి దాకా ఉన్న ఉద్దానంలో ఎండలు ముదిరేసరికి జీడితోటల కింద ఆకు ఊడుస్తారు. పిక్క రాలితే ఏరుకోవడానికి నేల కనపడాలి. ఊడ్చిన ఆకు కుప్పేసి అంటించడం మామూలే. పొద్దున గాలి లేనప్పుడు పెట్టిన నిప్పు, మధ్యాహ్నం సముద్రపు గాలి తిరిగేసరికి గట్టు దాటుతుంది. అలా మీరు పెట్టిన నిప్పు పక్క తోటలోకి పోయి పాతిక చెట్లు మాడిపోయాయనుకోండి.

అప్పుడు మన నోట ముందుగా వచ్చే మాటలు ఇవి: "నానేటి కావాలని సేసినానా?" "గాలి అలా తిరుగుతాదని నాకేటి తెలుసు?" "ఆడి తోటలో ఆకు ఆడు ఊడ్సుకుంటే ఇంత కాలునా?" వీటిలో కొంత నిజం ఉండొచ్చు. కానీ ఈ మాటలు పట్టుకుని కూర్చున్నంతసేపూ పక్కతోట రైతు మాడిన చెట్ల మధ్య ఒక్కడే నిలబడి ఉంటాడు.

తప్పు ఎవరిది, ఎంత అన్నది ఒక లెక్క. జరిగినదాన్ని సరిచేయడానికి ముందుకు రావడం వేరే లెక్క. మొదటిది తేలేదాకా రెండోదాన్ని ఆపి ఉంచడం వల్లే గట్టు తగాదాలు తాతల నుంచి మనవల దాకా సాగుతున్నాయని నా గట్టి నమ్మకం. అందుకే ఈ కింద చెప్పే వరస ముఖ్యం. ముందుది వెనక్కి, వెనకది ముందుకి మార్చకండి.

ముందు మనిషి సంగతి చూడండి

నిప్పయితే ఆర్పండి, కేకేయండి, 101కి ఫోన్ చేయండి. ఎవరి వల్ల అంటుకుందో తర్వాత చూసుకోవచ్చు.

పదహారో నంబరు జాతీయ రహదారి మీద మీ బండి ఎవరికైనా తగిలితే చట్టమే ఈ వరస పెట్టింది. మోటారు వాహనాల చట్టం 134వ సెక్షన్ ప్రకారం దెబ్బతిన్న మనిషికి వైద్యం అందేలా చూడటం డ్రైవర్ పని. జనం కొట్టడానికి మీదికి వస్తూంటే అక్కడ నిలబడమని చట్టం అనదు. అలాంటప్పుడు 108కి ఫోన్ చేసి, నేరుగా దగ్గరి పోలీస్ స్టేషన్‌కి వెళ్లండి. ఎలా ఉన్నా 24 గంటల్లోపు స్టేషన్‌లో చెప్పి తీరాలి. తప్పు ఎదుటివాడిదే అయినా ఇది తప్పదు. దారిన పోతూ సాయం పట్టిన మనిషిని కేసుల పేరుతో వేధించకూడదని 2019 సవరణలో 134ఎ సెక్షన్ చేర్చారు. కాబట్టి చూసినవారు భయపడి తప్పుకోనక్కర్లేదు.

ఆ రాత్రే జరిగింది జరిగినట్టు రాసుకోండి

ఒక కాగితం మీద చాలు. ఏ వేళకి నిప్పు పెట్టారు, ఎక్కడ పెట్టారు, ఎప్పుడు ఇంటికి వెళ్లారు, ఎవరు కేకేస్తే తెలిసింది. కారణాలు, సాకులు రాయొద్దు. "నిప్పు అంటుకుంది" అని కాకుండా "నేను అంటించాను" అని రాయండి. ఇది ఎవరికీ చూపించడానికి కాదు. మర్నాడు బంధువులు చేరి నాలుగు మాటలు అనేసరికి మన జ్ఞాపకమే మన పక్షాన మాట్లాడటం మొదలెడుతుంది. వారం తిరిగేసరికి అసలు కుప్ప గట్టుకి అంత దగ్గరగా లేనే లేదనిపిస్తుంది.

ఇప్పుడు మీ వాటా తేల్చుకోండి

మూడు ప్రశ్నలు వేసుకోండి, తొందరపడకండి.

ఇలా జరగొచ్చని నాకు తెలుసా? తెలియకపోతే, నాలాంటివాడికి తెలిసి ఉండాల్సిన సంగతేనా? సముద్రపు గాలి ఎప్పుడు తిరుగుతుందో ఉద్దానంలో బడికెళ్లే గుంటడు కూడా చెబుతాడు. అక్కడ పుట్టి పెరిగిన రైతు "నాకు తెలీదు" అంటే చెల్లదు. అదే, హైదరాబాద్ నుంచి పండక్కి వచ్చిన అల్లుడు మావగారికి సాయం చేద్దామని అంటించాడనుకోండి, అతని వాటా తగ్గుతుంది. అలాగని తగ్గిన వాటా గాల్లో కలిసిపోదు. గాలి సంగతి చెప్పకుండా అగ్గిపెట్టె చేతికిచ్చిన మావగారి మీదికి వస్తుంది.

ఆపడం నా చేతిలో ఉందా? కుప్ప చుట్టూ మట్టి చెక్కి, బిందెడు నీళ్లు దగ్గర పెట్టుకుని ఆరేదాకా ఉన్నారా, అంటించేసి అన్నానికి వెళ్లిపోయారా? అన్నీ చేశాక కూడా సుడిగాలి వచ్చి ఎత్తుకుపోయిందంటే అది వేరు. కూలివాడు "ఇప్పుడొద్దు బాబూ" అంటున్నా రైతు అంటించమన్నాడంటే అదింకా వేరు. చెప్పినమాట కాదంటే రేపటి కూలి పోతుందని భయపడిన మనిషికి, ఆ భయం పెట్టిన మనిషికి సమానంగా తప్పు పంచడం అన్యాయం. ఊళ్లో తగువు పెట్టినప్పుడు తరచూ జరిగేది ఇదే. చెయ్యి ఎవరిదో చూస్తారు, మాట ఎవరిదో అడగరు.

మూడోది కష్టమైన ప్రశ్న: మనసులో ఏముంది? గట్టు తగాదా ఉన్న తోట వైపే కుప్ప ఎందుకు వేశాను? ఏ సాక్షీ దీనికి జవాబు చెప్పలేడు. మీరే చెప్పుకోవాలి.

చట్టం కూడా ఇంచుమించు ఇవే అడుగుతుంది. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో కావాలని ప్రాణం తీస్తే మరణశిక్ష దాకా ఉంది. నిర్లక్ష్యంతో ప్రాణం పోయేలా చేస్తే ఐదేళ్ల దాకా జైలు. తగిన జాగ్రత్తతో, దురుద్దేశం లేకుండా, చట్టబద్ధమైన పని చేస్తుండగా ప్రమాదం జరిగితే నేరమే కాదు. ఏడేళ్లలోపు పిల్లలు ఏం చేసినా నేరం కాదు. ప్రాణం పోవడం ఒకటే, తప్పు మాత్రం మెట్లు మెట్లుగా ఉంది. మీరు ఏ మెట్టు మీద ఉన్నారో నిజాయితీగా చూసుకోండి. ఉన్నదానికంటే ఎక్కువ చేసుకుని మొత్తం నెత్తిన వేసుకోవడం కూడా మంచిది కాదు. "నేను పాపిష్టివాణ్ణి, నాకు బతికే అర్హత లేదు" అని ఏడుస్తూ కూర్చున్నవాడిని నష్టపోయినవాళ్లే ఓదార్చాల్సి వస్తుంది.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. ఆ రోజు మీలాగే ఆకు అంటించి ఇంటికెళ్లినవాళ్లు ఊళ్లో ఇంకా ఉన్నారు. వాళ్ల నిప్పు దానంతటదే ఆరింది. అజాగ్రత్త అందరిదీ ఒకటే, చెట్లు కాలింది మీ వల్ల. 1976లో బెర్నార్డ్ విలియమ్స్ అనే ఇంగ్లండ్ తత్త్వవేత్త, అమెరికాకు చెందిన థామస్ నేగెల్ ఈ చిక్కు మీదే రాశారు. నేగెల్ చూపించింది తాగి బండిని కాలిబాట మీదికి ఎక్కించిన డ్రైవర్‌ని. అక్కడ మనుషులుంటే వాళ్ల చావుకి కారకుడు, లేకపోతే చాలా చిన్న తప్పుతో బయటపడతాడు, తేడా అదృష్టం ఒక్కటే. విలియమ్స్ చెప్పింది ఇంకో డ్రైవర్ గురించి. తన తప్పు రవ్వంత లేకుండానే లారీ కింద ఒక పిల్లాడు పడి చనిపోయాడు. అతను పడే బాధ, రోడ్డు పక్కన నిలబడి చూసినవాడి బాధలాంటిది కాదు. "నా తప్పు లేదు కదా" అనేసుకుని అతను మర్నాడే మామూలుగా తిరిగితే మనకే అదోలా ఉంటుంది.

విలియమ్స్ మాట నాకు నిజమనిపిస్తుంది. అజాగ్రత్తకు పడాల్సిన సిగ్గు మీకూ, ఆ మిగతావాళ్లకూ సమానమే. కానీ కాలిన తోట దగ్గరికి వెళ్లాల్సింది మీరు. మీ చేతి నుంచి ఇంకొకరి జీవితంలోకి ఏదో వెళ్లింది. తప్పు లేకపోయినా ఆ సంబంధం ఉంటుంది.

తప్పును చేతులు మార్చకండి

మహాభారతంలో ఆనుశాసనిక పర్వం మొదట్లోనే ఒక కథ ఉంది. యుద్ధంలో ఇంతమంది చావుకి తానే కారణమని ధర్మరాజు కుమిలిపోతుంటే అంపశయ్య మీది భీష్ముడు చెబుతాడు. గౌతమి అనే ముసలామె కొడుకుని పాము కరిచి చంపింది. అర్జునకుడనే బోయవాడు ఆ పామును కట్టి తెచ్చి, దీన్ని ఎలా చంపమంటావని అడిగాడు. పాము తన తప్పు కాదంది, మృత్యువు పంపితే వచ్చానంది. మృత్యువు వచ్చి తనని కాలం తోసిందంది. కాలుడు వచ్చి, పిల్లాడి కర్మే వాణ్ణి చంపిందన్నాడు. గౌతమి పామును వదిలేయించింది. చంపినా తన కొడుకు తిరిగి రాడని ఆమెకు తెలుసు.

గౌతమి గొప్పది. అయితే ఆ కథలో బోయవాడి వాదన కూడా నాకు విలువైనదే. పంపినవాడు ఒకడున్నంత మాత్రాన కరిచినదానికి తప్పు లేకుండా పోతుందా అని అతనడిగాడు. ఇంకొకటి గమనించండి. కాలుడు అన్న ఆ కర్మ మాటే గౌతమి తనకు తాను చెప్పుకుంది. నష్టపోయిన మనిషి ఆ మాటతో ఊరట తెచ్చుకోవచ్చు. నష్టం చేసినవాడు ఆ ఇంటికెళ్లి "మీ కర్మ అలా ఉంది" అంటే అంతకంటే దౌర్జన్యం లేదు.

అలాగని గొలుసులో వెనక ఉన్నవాళ్లను వదిలేయమనడం లేదు. 2023 అక్టోబర్ 29న విజయనగరం జిల్లా కంటకాపల్లి దగ్గర, ముందు వెళ్తున్న విశాఖ–పలాస పాసింజరును విశాఖ–రాయగడ పాసింజరు వెనక నుంచి గుద్దింది. పద్నాలుగు మంది పోయారు. లోపమున్న సిగ్నళ్ల దగ్గర పాటించాల్సిన నిబంధన రాయగడ బండి సిబ్బంది పాటించలేదని ప్రాథమిక విచారణలో అన్నారు. ఆ లోకోపైలట్, ఆయన సహాయకుడు ఇద్దరూ అదే ప్రమాదంలో చనిపోయారు. తమ మాట చెప్పుకునే వీలు వాళ్లకి లేదు. బండి ఎందుకు ఆగలేదు అన్నది ఒక ప్రశ్న. సిగ్నల్ ఎందుకు పాడై ఉంది అన్నది ఇంకో ప్రశ్న. మొదటిదానికి జవాబు దొరికిందని రెండోది మూసేయకూడదు. చనిపోయినవాళ్ల మీద, ఊళ్లో లేనివాళ్ల మీద, నోరు లేనివాళ్ల మీద తప్పు తేలిగ్గా నిలుస్తుంది. అలా నిలిచినప్పుడల్లా అనుమానించండి.

పదిమందీ కలిసి చేసినప్పుడు

తిలా పాపం తలా పిడికెడు అంటారు. వంశధార ఎడమ కాలువ హిరమండలం దగ్గర గొట్టా బ్యారేజీ నుంచి మొదలవుతుంది. ఎగువ రైతు తూముకి కాస్త కింద గండి కొట్టుకుంటాడు, ఆ పక్క రైతు ఇంజను పెడతాడు. ఒక్కొక్కరు తీసుకునేది కొంచెమే. శివారు మడికి వచ్చేసరికి కాలువలో తడి మాత్రమే మిగులుతుంది. వరి పొట్టకొచ్చే వేళకి నీళ్లు అందక పంట పోయిన రైతు ఎవరిని అడగాలి? ఎవరి గుమ్మం ముందు నిలబడినా "నానొక్కడినే తోడీసినానా?" అనే జవాబే.

ఇలాంటి చోట పాపాన్ని మందితో భాగించకండి. నూరుమందిలో ఒకడిని కాబట్టి నూరోవంతే నాది అనుకుంటే మీ గండి పూడదు. మీ వాటా మీ గండి మొత్తం. మీరు పూడ్చగలిగింది అదే కాబట్టి ముందు దాన్ని పూడ్చండి. తర్వాత నోరు విప్పండి. రైతుల చేతికి కాలువల నిర్వహణ ఇస్తూ 1997లో చట్టం వచ్చింది, దాని కిందే నీటి వినియోగదారుల సంఘాలు ఏర్పడ్డాయి. ఆ సంఘం సమావేశంలో శివారు రైతు లేచి మాట్లాడితే గొడవ కిందికి వస్తుంది. ఎగువ రైతు లేచి "మా వైపు గండ్లున్నాయి, నాదీ ఒకటి ఉండేది" అంటే ఎవరూ కాదనలేరు.

ఆ ఇంటికి వెళ్లండి

దీనికోసమే ఇదంతా. మర్నాడు దాటనివ్వకండి. వాళ్లు కూర్చుని మాట్లాడే వేళ చూసుకుని వెళ్లండి. పార్టీ నాయకుణ్ణో, ఊళ్లో బలమున్న మనిషినో వెంటబెట్టుకుని వెళ్లొద్దు. ఆయన్ని చూడగానే వాళ్లు సరేనంటారు, కానీ అది భయం. ఇద్దరికీ కావలసిన పెద్దావిడో, మేనమామో ఒకరు తోడుంటే చాలు.

మాట సూటిగా ఉండాలి. "మావా, ఆకు కుప్పకి నిప్పెట్టింది నానే. ఆరీదాకా ఉండకుండా అన్నానికి ఎల్లిపోనాను. నీ సెట్లు కాలిపోడానికి అదే కారణం. ఏటి సేయాలో సెప్పు." ఇంతే. తర్వాత ఆగి వినండి. ఆయన తిట్టొచ్చు, వాళ్లావిడ ఏడవొచ్చు. మధ్యలో "అదికాదప్పా" అని అందుకోకండి. "నీకు నష్టం అయితే ఏదో సూసుకుందాంలే" లాంటి మాటలు అసలు వద్దు. అయితే ఏమిటి, అయింది! వాళ్ల తోటలో ఆకు పేరుకుపోయి ఉండటం నిజమే అయినా ఆ రోజు ఆ ఊసెత్తకండి. అది లెక్క కట్టే రోజున మాట్లాడుకోవచ్చు.

లెక్క కట్టేటప్పుడు మొక్క ఖరీదు ఇచ్చి చేతులు దులుపుకోకూడదు. జీడి అంటుమొక్క నాటిన మూడో ఏట కాపు మొదలెట్టినా నిండు కాపుకి ఏడెనిమిదేళ్లు పడుతుంది. 2018 అక్టోబర్ 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటి కొబ్బరి, జీడి తోటల్ని నేలమట్టం చేశాక మళ్లీ నాటుకుని పెంచుకున్న చెట్లయితే, మీరు కాల్చింది ఆ రైతు రెండోసారి ఎదురుచూసిన ఏళ్లని. ఉద్యాన శాఖ వాళ్లని పిలిచి చూపించండి. ఏ చెట్టు మళ్లీ చిగురేస్తుందో, ఏది పోయిందో వాళ్లు చెబుతారు. పోయిన ప్రతి చెట్టుకి కొత్త మొక్క, కాపొచ్చేదాకా పోయే ఆదాయం, తోట మళ్లీ బాగుచేయడానికి కూలి, అన్నీ రాయండి. ఒక్కసారే ఇవ్వలేకపోతే పంట పంటకీ ఇంతని ఒప్పుకోండి. డబ్బు చాలకపోతే పని చేయొచ్చు. మీ మొక్కలకి నీళ్లు పోసిన రోజే వాళ్ల మొక్కలకీ పోయండి. ఒప్పుకున్నది కాగితం మీద పెట్టి ఇద్దరూ సంతకం చేయండి.

రచ్చబండ దగ్గర పెద్దమనుషులు జరిమానా వేసి ఆ డబ్బు గుడికో విందుకో జమకట్టే అలవాటు కొన్నిచోట్ల ఉంది. దీన్ని నేను ఒప్పుకోను. తప్పు చేసినవాడు కట్టాడు, ఊరు తినింది, చెట్లు పోయినవాడికి దక్కిందేమిటి? కుటుంబాన్ని వెలివేయడం ఇంకా ఘోరం, నిప్పు పెట్టని పిల్లలకి కూడా ఆ శిక్ష పడుతుంది.

మాట తెగకపోతే కోర్టు మెట్లెక్కకముందే శ్రీకాకుళంలోనో విజయనగరంలోనో జిల్లా న్యాయ సేవాధికార సంస్థకి వెళ్లండి. 15100కి ఫోన్ చేస్తే దారి చెబుతారు. లోక్ అదాలత్‌లో ఫీజు ఉండదు, ఇద్దరూ ఒప్పుకున్నదే తీర్పు. అది కోర్టు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు లేదు. కాబట్టి సంతకం పెట్టేముందు పూర్తిగా చదివించుకోండి.

నష్టపోయింది మీరైతే

తప్పు పట్టడం మీ హక్కు. ఊరకే ఉండమని ఎవరన్నా వినకండి. కాకపోతే, పట్టేముందు కారణం తెలుసుకోండి. ఉత్తరాంధ్రలో చిల్లంగి, అంటే చేతబడి, పెట్టారన్న నెపంతో మనుషుల్ని చంపిన సంఘటనలు జరిగాయి. ఇంట్లో పిల్ల జ్వరంతో పోయింది, కారణం తెలియలేదు, బాధ ఆగలేదు. ఎవరో ఒకరు కావలసి వచ్చి, దిక్కులేని ముసలివాళ్ల మీద పడ్డారు. బాధ నిజం, వేలు చూపించిన చోటు అబద్ధం. డాక్టర్ చెప్పకముందు, పోలీసు చూడకముందు ఒకరి పేరు నోట రానివ్వకండి. ఒకసారి వచ్చిన పేరు ఊళ్లో తిరుగుతూనే ఉంటుంది.

ఉద్దానం కిడ్నీ జబ్బు సంగతీ అంతే. ఏళ్ల తరబడి పరిశోధిస్తున్నా కారణం ఇదీ అని ఇంకా తేలలేదు. అయినా డయాలసిస్ నుంచి వచ్చి మంచం మీద పడుకున్న మనిషితో "నీళ్లు సరిగ్గా తాగలేదు, నొప్పుల మాత్రలు మింగినావు, నువ్వే తెచ్చుకున్నావు" అనేవాళ్లున్నారు. మాత్రలు మానమని చెప్పడం సాయం. జబ్బు నీ తప్పే అనడం ఆ మనిషి మీద రెండో జబ్బు వేయడం. దయచేసి అనకండి.

కారణం తేలాక, ముందు ఆ మనిషితోనే ఒంటరిగా మాట్లాడండి. చేసిన పనిని పట్టుకోండి, పుట్టుకని కాదు. "మీ వాళ్లంతా ఇంతే" అన్న క్షణాన మీ న్యాయమైన కోపం కులం గొడవగా మారుతుంది, మీకు రావలసిన నష్టం మాట వెనక్కి పోతుంది. ఏం కావాలో కూడా చెప్పండి. డబ్బా, నలుగురిలో ఒప్పుకోవడమా, మళ్లీ అలా చేయనన్న మాటా? అడగకుండా మనసులో పెట్టుకుంటే ఎదుటివాడు ఎంత చేసినా మీకు తక్కువే అనిపిస్తుంది.

క్షమించకపోతే

మీరు అన్నీ చేసినా వాళ్లు మాట్లాడకపోవచ్చు. క్షమించమని అడగొచ్చు గానీ, ఇంత చేశాను కాబట్టి క్షమించాలని ఒత్తిడి పెట్టకూడదు. ఒప్పుకున్న వాయిదా మాత్రం వాళ్లు పలకరించినా పలకరించకపోయినా అందాలి.

మన జిల్లాల్లో సగం ఊళ్లు వలసలోనే ఉంటాయి. మీరు చెన్నైలోనో గల్ఫ్‌లోనో ఉండి, మీ కూలివాడి వల్లో మీ అబ్బాయి వల్లో ఊళ్లో ఎవరికైనా నష్టం జరిగిందని తెలిస్తే సంక్రాంతికి వెళ్లినప్పుడు చూద్దామని ఆగకండి. ఆ రోజే ఫోన్ చేయండి. వాట్సాప్‌లో మెసేజ్ పెట్టి ఊరుకోవద్దు, గొంతు వినపడాలి. వాళ్లు ఎత్తకపోతే ఇంట్లో పెద్దవాళ్లని పంపి, వాళ్ల ఫోన్ నుంచే మాట్లాడండి. పండక్కి ఊరొచ్చినప్పుడు సొంత ఇంట్లో సామాను దించాక, చుట్టాల ఇళ్లకి వెళ్లకముందే ఆ ఇంటికి వెళ్లండి. మీ అబ్బాయిని కూడా తీసుకెళ్లండి. మాట్లాడాల్సింది వాడే, మీరు పక్కన ఉండండి.